మూడు మూరల కర్రతో పెన్న వెంట

కడపలో మాది మోటారు వైండింగు షాపు. కాలిపోయిన బోరు మోటారు తెస్తే పాత రాగి తీగ పీకేసి కొత్తది చుట్టి ఇస్తాం. ఎండాకాలం అన్నం తినే తీరిక ఉండదు. సంక్రాంతి దాటిన వారం మాత్రం ఈగలు తోలుకోవాల్సిందే. బోర్లలో నీళ్లు పైనే ఉంటాయి, మోటార్లు అంతగా కాలవు. ఏటా ఆ వారమే నాకు సెలవు.

ఈసారి సెలవుకు కారణం ఒక పందెం. నా గాలం కర్ర పొడవు నాలుగున్నర అడుగులు, అంటే సరిగ్గా మూడు మూరలు. బరువు నూరు గ్రాములు లేదు. రెండు ముక్కలు చేస్తే కూరగాయల సంచిలో పడుతుంది. మా పక్క చెరువు గట్ల మీద గాలం వేసేవాళ్ల వెదురు కర్రలు పది పన్నెండు అడుగులుంటాయి. వాళ్ల నడుమ నేను కూర్చుంటే పెద్దోళ్ల పంక్తిలో పసిపిల్లోడికి ఆకేసినట్టుంటుంది. ఈ కర్ర వచ్చిన పెట్టె మీద ఉప్పునీళ్లకు కూడా పనికొస్తుందని రాసి ఉంది. మా బామ్మర్ది అది చదివి, "బావా, ఇది అద్దాల తొట్టిలో చేపలకు పనికొస్తాది. సముద్రానికి కాదు" అన్నాడు.

కడపోళ్లకు సముద్రంతో ఉండే చుట్టరికమంతా పెన్న ద్వారానే. కర్ణాటకలో నంది కొండల పక్క పుట్టి, మన అనంతపురం, కడప తిరిగి, 597 కిలోమీటర్లు నడిచి నెల్లూరు అవతల సముద్రంలో కలుస్తుంది. సరే, గండికోట కాడ మొదలుపెట్టి, నీళ్లు కనపడిన చోటల్లా గాలమేసుకుంటా మైపాడు దాకా పోదాం అనుకున్నాం. సముద్రంలో ఈ కర్రకు ఒక్క చేప పడినా డీజిలు ఖర్చు బామ్మర్దిది. పడకపోతే నాది.

దారం సంగతి ఒకటి చెప్పి బయలుదేరతాను. రీలుకు చుట్టింది 0.8 నంబరు అల్లిక దారం. మందం 0.148 మిల్లీమీటర్లు. మా షాపులో 38 గేజి రాగి తీగ 0.152. పక్కపక్కన పెట్టి చూస్తే ఏది సన్నమో నా వేళ్లకు కూడా తెలియలేదు. ఆ రాగి తీగను చిన్నపిల్లోడు గుంజినా పుటుక్కుమంటుంది. ఈ దారం ఆరేడు కిలోలు మోస్తుంది. దాని కొసకు రెండు బారల నిగనిగలాడే గట్టి తంగూసు కట్టాను, మూడున్నర కిలోలు ఓర్చేది. అల్లిక దారం సాగదు, చేప ముక్కుతో తాకినా చేతికి తెలుస్తుంది. కాకపోతే రాయి తగిలితే తెగుతుంది. ఆ రాపిడి ఓర్చుకోవడానికే కొసన తంగూసు.

మొదటి రోజు: గండికోట

తెల్లవారక ముందే బయలుదేరినాం. ఎర్రగుంట్ల కాడ సిమెంటు లారీల వెనక గంట పోయింది. జమ్మలమడుగులో కారం దోశ తిని గండికోట చేరేసరికి ఎండ ఎక్కింది. ఎర్రమలల నడుమ పెన్న కోసుకున్న లోయ చూడాలని బస్సుల్లో వచ్చిన జనం, ఫోన్లు చేత పట్టుకొని రాళ్ల అంచుల మీద నిలబడి ఉన్నారు. మా బామ్మర్ది మసీదు, ధాన్యాగారం, రంగనాథుని గుడి మూడూ గంటలో చుట్టేసి వచ్చినాడు. నాకు మాత్రం కింద ఆకుపచ్చగా కనపడే నీళ్ల మీదే కన్ను. అంత ఎత్తు నుంచి ఏ కర్రా చాలదు, మూడు మూరలదైనా ముప్పై మూరలదైనా.

కోట వదిలేసి, వెనక పక్క, కొండాపురం దిక్కు నీళ్లు పరుచుకున్న చోటికి పోయినాం. ఇక్కడి నీళ్లలో పెన్న కంటే కృష్ణ ఎక్కువ. శ్రీశైలం నుంచి అవుకు మీదుగా గాలేరు-నగరి కాలవలో వచ్చి చేరుతుంది. జలాశయం నిండితే 26.85 టీఎంసీలు. ఆ నీళ్లు నిలపడానికి ఊళ్లు ఖాళీ అయినాయి. తాళ్లప్రొద్దుటూరు 2020లో మునిగింది.

గట్టున గొర్రెలు తోలుకొచ్చిన పెద్దాయన ఒకాయన నా కర్ర చూసి ఆగినాడు.

"ఏం సామీ, ముల్లుగర్ర ఎత్తుకోని చేపలకొచ్చినావే? ఎద్దులు యాడ?"

నేను నవ్వి, ఎరకు బదులు కట్టిన మూడు గ్రాముల చిన్న రేకు చేపను విసిరినాను. పాతిక గజాలు పోయి పడింది. రెండోసారి విసిరినప్పుడు అడుగున ఏదో పట్టుకుంది. చేప కాదు, కదలడం లేదు. ఇట్లా తగులుకున్నప్పుడు పొడుగు కర్ర ఉంటే చెయ్యి చాచి, పక్కకు తిప్పి, దారం కోణం మార్చి విడిపించుకోవచ్చు. నా కర్రకు ఆ సౌకర్యం లేదు. మనిషే నడవాలి. మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి, ఎడమకు పది అడుగులు, కుడికి పది అడుగులు జరిగి గుంజుతా ఉన్నాను.

"గుంజొద్దు నాయనా" అన్నాడు పెద్దాయన. "అది చీనీ చెట్టు. ఈడంతా తోట." చీనీ అంటే మా పక్క బత్తాయి.

"ఎవరిది తాతా?"

"మాదే."

ఆయన మాటలో ఏ తడబాటూ లేదు. చేత్తో చూపించినాడు: అద్దో ఆడ బోరు, ఈడ దారి, ఆ పక్కన మావాళ్ల కల్లం. చెట్లు కొట్టుకొని పోయినోళ్లు పోయినారు, తానే కొన్ని కొట్టలేదంట. నేను దారం వదులు చేసి, వేలితో రెండుసార్లు టప్‌టప్‌మని సాగదీసి వదిలితే రేకు చేప ఊడి వచ్చింది. దాని మూడు కొక్కేల్లో ఒకదానికి నల్లగా నానిన బెరడు ముక్క. పెద్దాయన దాన్ని తీసి వాసన చూసి, నా చేతిలో పెట్టి గొర్రెల వెంట పోయినాడు.

ఆ తరువాత చాలాసేపు నేను గాలం వేయలేదు. బామ్మర్దే వేసి అరచేయంత జిలేబి చేపలు మూడు పట్టినాడు. పుట్టిల్లు ఆఫ్రికా, మన దేశానికి 1952లో తెచ్చిన చేప ఇది. ఇప్పుడు ఏ కుంటలో చూసినా ఇదే. మూడింటినీ నీళ్లలోకే వదిలినాం. రాత్రికి కడపకు వెనక్కి వచ్చి ఇంట్లోనే పడుకున్నాం. మొదటి రోజే ఇంటికొచ్చిన యాత్రికులను చూసి మా అమ్మ ఏమీ అనలేదు, సంగటి మాత్రం వేడిగా పెట్టింది.

రెండో రోజు: పుష్పగిరి, ఒంటిమిట్ట వెనక నీళ్లు

పుష్పగిరి కాడ పెన్న ఇసకలో పాయలుగా పారుతా ఉంది. గుడి మెట్ల కింద పోయేటప్పుడు గాలం తీయడానికి మనసొప్పలేదు. అరగంట నీళ్లలో కాళ్లు పెట్టుకొని కూర్చుంటే పరిగెలు వచ్చి మడమలు కొరికినాయి. అంతే.

అసలు పని ఒంటిమిట్ట అవతల. సోమశిల ఆనకట్ట నెల్లూరు జిల్లాలో ఉన్నా, దాని వెనక నిలిచే 78 టీఎంసీల నీళ్లు మన పక్కకు చొచ్చుకొని వస్తాయి. ఆనకట్ట వాళ్లది, ముంపు మనది అని మా నాయన కాలం నుంచి వింటున్న మాట. చేపల సొసైటీ వాళ్లను అడిగి, లైసెన్సున్న ఒకాయన పుట్టిలో సగం రోజు తిరగడానికి ఒప్పందం చేసుకున్నాం. ఆయన్ను మేం మామా అంటే, ఆయన మమ్మల్ని అల్లుడూ అన్నాడు. గంటలో చుట్టరికం కుదిరిపోయింది.

పుట్టిలో ఎక్కినాక నా కర్ర దశ తిరిగింది. పుట్టి అంటే తెలుసు కదా, వెదురు దబ్బల బుట్టకు పట్ట కప్పి తారు పూసింది. ముగ్గురు కూర్చుంటే మోకాళ్లు మోకాళ్లకు తగులుతాయి. అందులో పన్నెండు అడుగుల కర్ర తిప్పితే మొదటి దెబ్బ మామ నెత్తికే. మూడు మూరలది మణికట్టుతో ఆడించొచ్చు. పైగా చేప ఎక్కడుందో అక్కడికి పుట్టే పోతుంది కాబట్టి దూరం విసిరే అవసరమే లేదు. దూరానికే కదా పొడుగు కర్ర.

మునిగిన తుమ్మచెట్ల కొనలు నీళ్ల పైకి ముళ్లు చూపిస్తా ఉన్నాయి. మామ తెడ్డు ఆపి, "ఆడ బుడగ చూడు" అన్నాడు. కొరమీను. దానికి నీళ్లలోని గాలి చాలదు, పైకొచ్చి ఒక గుటక మింగి పోవాల్సిందే. అందుకే ఎంత తెలివైనదైనా తన ఉనికి తానే చెప్పుకుంటుంది. వానల్లో అయితే పిల్లల గుంపును కాపలా కాస్తా తిరుగుతుంది, అప్పుడు దాన్ని పట్టడం పాపం అని మామ మాట. జనవరిలో ఆ బెంగ లేదు.

రబ్బరు కప్పను చెట్టు మొదట్లో వేసి, రెండుసార్లు ఆడించి ఆపినాను. నీళ్లు గుబుక్కుమన్నాయి. కప్ప లేదు. కర్ర కొన కాదు, నడుమే వంగి పిడి దాకా వచ్చింది. చేప చెట్టు వైపు దూకితే చెట్టు కాక పుట్టి తిరిగింది. గానుగెద్దు మాదిరి ముగ్గురం గుండ్రంగా తిరుగుతా ఉన్నాం. మామ తెడ్డుతో ఎదురు తిప్పుతా ఉంటే బామ్మర్ది పుట్టి అంచు పట్టుకొని వాడికి తెలిసిన దేవుళ్లందరినీ పిలిచినాడు. రీలు బిర్రు కొంచెం వదులుగా పెట్టి ఉండడమే నన్ను కాపాడింది. లాగితే దారం జారి పోతుంది, అలిస్తే మళ్లీ చుట్టుకుంటాను. మూడు నాలుగు నిమిషాల్లో చేతివలలోకి వచ్చింది. స్ప్రింగు త్రాసులో కిలోంబావు.

వాపసు వస్తా మామ చెయ్యేరు వచ్చి కలిసే దిక్కు చూపించినాడు. 2021 నవంబరు 19న పైన అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగినప్పుడు ఇసక, చెట్లు, గొడ్లు, ఇంటి సామాన్లు అన్నీ ఈ నీళ్లలోకే వచ్చి చేరినాయంట. "బీరువా ఒకటి తేలతా వచ్చింది అల్లుడూ. తలుపు మీద పిల్లోల్ల బొమ్మలు అతికించుండాయి" అని, అంతకు మించి చెప్పకుండా తెడ్డు వేసినాడు. కొరమీనును ఆయనకే ఇచ్చి వచ్చినాం.

మూడో రోజు: బద్వేలు, నెల్లూరు, మైపాడు

బద్వేలు దారిలో గోడల నిండా ఎద్దుల బండలాగుడు పోటీల పోస్టర్లు. ఎద్దు వయసును పళ్లతో లెక్కగట్టి విభాగాలు చేస్తారు. రెండు పళ్ల విభాగం, నాలుగు పళ్ల విభాగం, ఆరు పళ్లు, సీనియర్లు. అది చూసి బామ్మర్దికి ఒక విషయం చెప్పడం సులువైంది. ఇంత సన్న దారంతో ఎవడైనా సముద్రానికి పోతాడా అని వాడు నిన్నటి నుంచి గొణుగుతా ఉన్నాడు. పోయినారు, పందెం వేసుకొని మరీ పోయినారు. అమెరికాలో కాలిఫోర్నియా ఎదుట కేటలీనా అని ఒక దీవి ఉంది. అక్కడ 1898లో చార్లెస్ ఫ్రెడరిక్ హోల్డర్ అనే ఆయన ట్యూనా క్లబ్బు పెట్టినాడు. మోకు లాంటి తాళ్లతో పెద్ద చేపను ఈడ్చడం మగతనం కాదు, చేపకు కూడా తప్పించుకునే వీలుండాలి అన్నది వాళ్ల వాదం. 1939లో పుట్టిన గాలం వేటగాళ్ల అంతర్జాతీయ సంఘం ఇప్పటికీ రికార్డులను దారం బలాన్ని బట్టి కూడా రాస్తుంది. రెండు కిలోల దారం, నాలుగు కిలోల దారం, ఆరు కిలోల దారం, అట్లా 60 దాకా. ఆరు పళ్ల ఎద్దులతో రెండు పళ్ల కోడెలను కట్టనట్టే.

"అయితే మనది ఎన్ని పళ్లు?" అన్నాడు.

"పాలపళ్లు."

నెల్లూరులో చేపల పులుసు తిన్నాం. నిన్న వండి ఈరోజు వడ్డించింది, మామిడికాయ ముక్కలతో. దాని గురించి రాస్తే కడపోడికి కూడా కడప పులుసు నచ్చదని మా ఇంట్లో అంటారు కాబట్టి రాయను.

మైపాడు చేరేసరికి నాలుగైంది. నేను సముద్రం చూడడం ఇది అయిదోసారో ఆరోసారో. చూసిన ప్రతిసారీ మొదట వచ్చే ఆలోచన ఒకటే: ఇన్ని నీళ్లున్నాయి, మన బోర్లలో ఏమైంది అని. చెప్పులు కారులో పడేసి, పది గ్రాముల సీసపు చేప కట్టి, అల అంచుకు పోయి బలంకొద్దీ విసిరినాను. మొదటి అల దాటింది, రెండోది దాటలేదు. అల వచ్చి దారం మీద కూర్చుంది. దారాన్ని పక్కకు ఈడ్చుకుపోయి, సీసపు చేపను తెచ్చి నా కాళ్ల కాడ పడేసింది. మళ్లీ విసిరినాను. మళ్లీ తెచ్చి ఇచ్చింది. చదువుకోని పిల్లోడి పలక మాదిరి, ఎన్నిసార్లు రాసినా తుడిచేస్తా ఉంది.

పక్కనున్న నలుగురు కుర్రోళ్ల కర్రలు పన్నెండు అడుగులకు తగ్గవు. ఇసకలో పైపు పాతి అందులో నిలబెట్టినారు. పొడుగు దూరం విసరడానికి మాత్రమే కాదని అప్పుడు కళ్లారా చూసినాను. కర్ర కొన అంత ఎత్తున ఉంటే దారం ముందరి అలల మీదుగా పోయి వాటి అవతల దిగుతుంది. నా దారం నడుము ఎత్తు నుంచి నేరుగా నురగలోకే పోతుంది. ఇంకో పెద్దాయనకు అసలు కర్రే లేదు. తంగూసు చుట్టిన చెక్క ఒకటి, కొసన సీసం గుండు. వడిసెల తిప్పినట్టు నెత్తి చుట్టూ తిప్పి వదిలితే నా కంటే రెండింతలు పోయింది. ఆయన వచ్చి నా కర్రను రెండు వేళ్లతో పట్టి ఊపి చూసినాడు.

"ఏందబ్బయ్యా, ఈ పుల్లతో ఒడ్డున ఏం పడతాది? దీన్ని పడవలో పెట్టుకోని పోవాల. మావోడు పొద్దన్నే పోతాడు, రాండి."

బామ్మర్ది డీజిలు బిల్లులు లెక్కపెట్టుకుంటా ఉన్నాడు. ఆ సంబరంలో వాడు నా కర్రను ఇసకలో పడుకోబెట్టినాడు. రీలు తిప్పితే కరకరమంది. బేరింగులోకి ఇసక పోయిందని మోటార్ల చప్పుళ్లు ఇరవై ఏళ్లు విన్న చెవికి వేరే చెప్పాలా. ఆ రాత్రి వాడితో మాట్లాడలేదు. లాడ్జిలో మంచినీళ్లతో కడిగి, విప్పి, ఉన్నంతలో తుడిచి, మళ్లీ బిగించి, స్ప్రింగు త్రాసు తలుపు గొళ్లానికి తగిలించి, దానికి దారం కట్టి గుంజినాను. కిలో కాడ దారం జారేటట్టు బిర్రు సర్దినాను. కొసన ఉన్న తంగూసు బలంలో మూడోవంతు దాటకూడదు, ముడి కాడ ఎప్పుడూ బలం తగ్గుతుంది కాబట్టి.

నాలుగో రోజు: సముద్రం మీద

అయిదింటికి ఫైబర్ పడవ నెట్టడానికి మేమూ భుజం పెట్టినాం. అలలు దాటేదాకా నేను ఏమీ చూడలేదు, కళ్లు మూసుకున్నాను. దాటినాక ఇంజను చప్పుడు ఒకటే. పిస్టను రింగులు అరిగినాయని చెబుదామనుకొని, వచ్చిన అతిథిని కదా అని ఊరుకున్నాను. ఒడ్డున దీపాలు చుక్కలంత అయినాక పడవ అన్న ఇంజను ఆపినాడు. తాడుకు బరువు కట్టి దించి, చేతులు చాచి కొలిచి, "ఏడు బారలు" అన్నాడు. అంటే నలభై రెండు అడుగులు. నా కర్ర ముప్పావు బార.

తూర్పున ఎరుపు పరుచుకుంటా ఉంది. నీళ్ల మీద ఒకచోట సన్నగా చినుకులు పడినట్టు కనపడింది. వాన లేదు. కానాగంత చేపల గుంపు పైకి తేలిందని పడవ అన్న చెప్పినాడు. ఏడు గ్రాముల సీసపు చేపను పడవ పక్కనే జారవిడిచినాను. విసరలేదు, ఊరికే వదిలినాను. నీళ్లలో మెరుస్తా, పక్కలకు వాలుతా దిగుతా ఉంది. నాలుగు బారలు పోయి ఉంటుంది, దారం ఉన్నట్టుండి వదులైంది. అడుగు తగిలిందనుకున్నా. లేదు, చేప అందుకొని పైకి వస్తా ఉంది. నాలుగు చుట్లు గబగబా తిప్పేసరికి కర్ర కొన టకటకమని వణికింది.

ఆ వణుకు ఎట్లాంటిదో చెప్పాలి. మోటారుకు ఒక ఫేజు పోతే గుంయ్‌మని చేతికి తెలిసే అదురు ఉంటుంది చూడండి, అదే. పైకి వచ్చిన చేప జానెడుకు కొంచెం ఎక్కువ. వీపు ఆకుపచ్చ నీలం కలిసిన రంగు, దాని మీద ముదురు చారలు, పొట్ట కొత్త రేకు మాదిరి తెల్లగా. గాలంలో నుంచి తీసేలోగా పడవ అడుగున డప్పు వాయించినట్టు కొట్టుకుంది. ఈ చేపకు శాస్త్రం వాళ్లు పెట్టిన పేరు రాస్ట్రెల్లిజర్ కానగుర్త. కానగుర్త అన్నది మన తెలుగు పేరే. పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండు వైద్యుడు విశాఖపట్నం తీరంలో చేపలను చూసి, జాలర్లు చెప్పిన పేర్లతోనే 1803లో పుస్తకం అచ్చు వేయించినాడు. అట్లా మన మాట ప్రపంచమంతా తిరుగుతా ఉంది. రక్తపింజరికి ఇంగ్లీషులో ఉన్న పేరు కూడా ఈయనదే.

డీజిలు ఖర్చు తేలిపోయింది. బామ్మర్ది చెయ్యి చాపి కర్ర ఇమ్మన్నాడు. ఇచ్చినాను. వాడు వరసగా పదకొండు కానాగంతలు పట్టి, ఇక ఈ కర్రను తిట్టనని ఒట్టు వేసినాడు.

జపానులో అజి అనే ఇట్లాంటి చిన్న చేప కోసమే గ్రాము బరువు గాలాలతో, సన్న కర్రలతో రేవు రాళ్ల మీద రాత్రంతా నిలబడే వాళ్లున్నారు. ఇంత చిన్న చేపకు అంత తంతా అని ఒకప్పుడు నాకూ అనిపించేది. మోకు లాంటి దారానికి ఈ చేప తగిలితే తగిలినట్టే తెలియదు. 38 గేజి దారానికి తగిలితే ఇంట్లో పెళ్లి జరిగినంత హడావుడి.

ఏడైనాక గుంపు దిగిపోయింది. సీసపు చేపను అడుగు దాకా దించి, బారెడు ఎత్తి వదిలి, ఎత్తి వదిలి ఆడిస్తా ఉన్నాను. అప్పుడు తగిలింది పార చేప. మొదటి లాగుడుకు కర్ర కొన నీళ్లలోకి పోయింది. రీలు కీచుమంటా దారం వదులుతా ఉంది. ఆ పది నిమిషాల్లో పొట్టి కర్ర సుఖం నాకు పూర్తిగా తెలిసింది. గునపంతో రాయి లేపేటప్పుడు పొడుగు భాగం మన చేతిలో, పొట్టి భాగం రాయి కింద ఉంటుంది. గాలం కర్రకు అంతా తలకిందులు. పొడుగు భాగం చేప పక్క, పొట్టి భాగం మన పక్క. కర్ర ఎంత పొడుగైతే చేప బరువు మన మణికట్టు మీద అంత పెరుగుతుంది. పొట్టిదైతే ఆ లెక్క మన పక్కకు వాలుతుంది. కింద నిలువునా ఉన్న చేపను పైకి ఎత్తాలంటే మూడు మూరలు చాలు. నిన్న సాయంత్రం ఒడ్డున నన్ను నవ్వులపాలు చేసిన కర్ర ఇదే.

పార కిలో నూరు గ్రాములు తూగింది. పడవ అన్న దాన్ని చూసి పెదవి విరిచినాడు. ఆయన వలలో ఇవి మామూలే. నా కర్రను మాత్రం ఈసారి అయిదు వేళ్లతో పట్టుకున్నాడు.

ఆ తరువాత జరిగింది బామ్మర్ది స్వయంకృతం. వాడికి ఒక జెల్ల పడింది. మీసాలు చూసి ముచ్చటపడి, జమ్మలమడుగు సంతలో చేప పట్టుకున్నట్టు మెడ కింద చెయ్యి వేసినాడు. జెల్లకు వీపు మీద ఒకటి, రెక్కల కాడ రెండు ముళ్లుంటాయి. భయపడితే అవి నిక్కబొడుచుకొని బిగుసుకుపోతాయి. రంపపు పళ్లు వెనక్కి తిరిగి ఉంటాయి, పైన విషపు జిగురు. బొటనవేలి మొదట్లో దిగింది. వాడు అరవలేదు, కూర్చుండిపోయినాడు. మొహం సున్నం కొట్టినట్టయింది.

"జెల్లని అట్టా పట్టుకుంటారా అబ్బయ్యా!" అని పడవ అన్న ఇంజను వేసినాడు. ఒడ్డున టీ అంగడిలో గిన్నెడు వేడినీళ్లు అడిగి, ముందు నేను నా చెయ్యి పెట్టి చూసి, ఓర్చుకోగలిగినంత వేడిలో వాడి చెయ్యి ముంచినాం. ఆ విషం వేడికి విరుగుతుంది. చల్లారేకొద్దీ కొత్త నీళ్లు పోస్తా గంట కూర్చోబెట్టినాం. అర్ధగంటకు వాడి మొహంలో నెత్తురు కనపడింది, ముప్పావు గంటకు ఇడ్లీ అడిగినాడు. తరువాత ఆసుపత్రిలో ముల్లు విరిగి లోపల ఉండిపోలేదని చూసి, ధనుర్వాతం సూది వేసి పంపించినారు. చేతులకు పాత తువ్వాల చుట్టుకొని జెల్లను పట్టాలని, లేదా పట్టకారుతో గాలం తిప్పి నీళ్లలోకి వదిలేయాలని టీ అంగడాయన దగ్గర నుంచి ఇడ్లీలు మోసే పిల్లోడి దాకా అందరూ వాడికి చెప్పినారు.

అయిదో రోజు: ఇల్లు

ఐసు పెట్టెలో మిగిలినవి తొమ్మిది కానాగంతలు, ఒక పార. పడవ అన్న డబ్బులు తీసుకొని, "వేసవిలో రాబాకండి, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట బందు" అని చెప్పి పంపినాడు. డీజిలు బంకులో బామ్మర్ది ఎడమ చేత్తో డబ్బులు లెక్కపెట్టినాడు. కుడి చేతికి కట్టు ఉందిగా, ఒక నూరు తక్కువ పడినట్టుంది, నేను అడగలేదు.

మా అమ్మ పెట్టె మూత తీసి చూసింది.

"కానాగంతలేనా? ఇవి మన మార్కెట్లో దొరకవా?"

పులుసు మాత్రం బాగా పెట్టింది. మర్నాడు పొద్దున షాపు తెరిచి రీలు పూర్తిగా విప్పినాను. మంచినీళ్లతో ఎంత కడిగినా బేరింగు గోళీల నడుమ రెండు మైపాడు ఇసక రేణువులు మిగిలే ఉన్నాయి, సూదితో తీయాల్సి వచ్చింది. గాలాల డబ్బా బోర్లిస్తే చీనీ బెరడు ముక్క రాలింది. ఎండిపోయి రంగు మారింది. బల్ల మీద ఆ రెండూ అట్లనే ఉండగా ఎర్రగుంట్ల పక్క నుంచి ఒక రైతు ట్రాక్టరులో ఏడున్నర హార్స్‌పవర్ మోటారు దించినాడు. ఈ ఏడు మొదటిది.

"సామీ, రేపటికిస్తావా? చెట్లకు తడి అందడంల్యా."

"ఏం చెట్లు?"

"చీనీ" అన్నాడు.